దారిన పడ్డ దుప్పి ఎవరిది?

బండి తగిలి జింక చచ్చిపోతే ఆ మాంసం ఎవరికి చెందాలి? అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలు తీసుకెళ్లి వండుకోండి అంటున్నాయి. మన చట్టం ముట్టుకుంటే కేసే అంటోంది. రాయ్‌పూర్ నుంచి విశాఖకు అడవుల మీదుగా కొత్త రహదారి పడుతున్న వేళ మందిర్ హసౌద్ దగ్గర ఒక పొద్దున మొదలైన కథ ఇది.

లారీ ముందు జాలీలో ఇరుక్కున్న వెంట్రుకల్ని అతను పుల్ల పెట్టి లాగుతున్నాడు. పొట్టి వెంట్రుకలు. మొదట తెలుపు, కొసకు వచ్చేసరికి ఇటుక రంగు. ఒకటి తీసుకుని వేళ్ల మధ్య మడిచి చూశాను. మేక బొచ్చులా వంగలేదు. ఎండుగడ్డి పరకలా పుటుక్కున విరిగింది. జింక వెంట్రుక లోపల గుల్లగా ఉంటుందని చదవడమే గాని చేత్తో పట్టి చూసింది లేదు. బంపరు ఎడమ మూల లోపలికి పోయింది. హెడ్‌లైటు అద్దం పగిలి రాలిపోయింది. ఖాళీ గూట్లో గడ్డకట్టిన నెత్తురు మంచుకు తడిసి మళ్లీ ఎర్రబడుతోంది.

డిసెంబరు నెల, పొద్దున ఆరు దాటింది. రాయ్‌పూర్‌కు తూర్పున ఉన్న ఈ ఊళ్లో రోడ్డు పక్క ధాబా ముందు టీ కోసం ఆగాం. మా బావ భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరయ్యాడు. ఇక్కణ్ణించి లోపలికి వెళ్తే చంద్‌ఖురీలో కౌసల్య గుడి ఉంది, చూపిస్తానని బయల్దేరదీశాడు. రాముడి అమ్మమ్మగారి ఊరని ఇక్కడివాళ్ల నమ్మకం. కొబ్బరికాయ, అగరొత్తుల ప్యాకెట్టు నా ఒళ్లో ఉన్నాయి. లారీ నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ కనిపించేసరికి కారు దిగకుండా ఉండబుద్ధి కాలేదు.

“ఎక్కడ బాబూ?” అన్నాను.

“తణుకండి. తణుకు పక్కన,” అని, నేనడిగింది ఊరి గురించి కాదని అర్థమై, “పటేవా దాటాకండి. నాలుగున్నరకి,” అన్నాడు.

గోనెసంచి, మోటారు సైకిలు

ఝార్సుగూడలో అల్యూమినియం దిమ్మెలు వేసుకుని హైదరాబాద్ వెళ్తున్నాడు. పొగమంచు. రోడ్డు ఖాళీ. ఒకటి దాటేసింది, పోయింది గదా అనుకున్నాడు. “రెండోది ఉంటదండి ఎప్పుడూ. తెలుసు. తెలిసే కాలు తీశాను. కానీ పాతిక టన్నుల లోడండి, ఆగుతుందా?” అంటూ అరచేతిని గాల్లో ముందుకు తోసి చూపించాడు. రెండోది ఆడది. కొమ్ముల్లేవు. ఎగిరి పక్కనున్న మట్టిలో పడింది. కాసేపు కాళ్లు కొట్టుకుంది.

అతను దిగి సెల్‌ఫోను లైటేసి చూస్తుండగానే మోటారు సైకిలు మీద ఇద్దరొచ్చారు. ఎటునుంచి వచ్చారో తెలియదు. ఒకడి చంకలో మడిచిన గోనెసంచి ఉంది.

“నన్నే అడిగారండి, ‘లే జాయేఁ?’ అని, పట్టుకుపోమా అని. నన్ను అడుగుతారేంటండి, అది నాదా?”

“నువ్వేమన్నావ్?”

“ఏమంటానండి. లారీ ఎక్కేశాను.” పుల్ల పారేసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఫోన్ చేస్తే నేను దొరుకుతానండి. చెయ్యకపోతే ఎవరూ దొరకరు. బంపరు నాది పోయింది, హెడ్‌లైటు నాది పోయింది. కూర ఆళ్లింట్లో. ఇంతకీ అది ఎవరిదండీ, చెప్పండి. మీరు పేపరోళ్లు కదా.”

ఈ కథనం ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి రాసింది. మధ్యలో ప్రశ్నే మారిపోయింది, ఆ సంగతి తర్వాత.

చచ్చినదీ సర్కారుదే

చట్టాన్ని అడిగితే రెండో మాట లేదు. అది సర్కారుది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం చచ్చి పడి ఉన్న అడవి జంతువు, పొరపాటున చంపబడ్డ అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. దాని మాంసం, తోలు, కొమ్ములు కూడా అంతే. బతికున్నప్పుడు ఆకలేసి ఎవరి చేను మేసినా పట్టించుకోని సర్కారు, చచ్చాక మాత్రం నాదంటుందని మెట్ట రైతులు నవ్వుతుంటారు. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున కృష్ణజింకల మందలు కంది చేలను ఊడ్చేస్తుంటే చూస్తూ కూర్చున్న రైతుని అడిగి చూడండి, ఆ నవ్వులో ఎంత కారం ఉంటుందో.

‘పొరపాటున చంపబడ్డ’ అన్న మాట మాత్రం గమనించదగ్గది. అలా జరుగుతుందని చట్టం రాసినవాళ్లకు ముందే తెలుసు. తగిలించినవాణ్నీ వేటగాణ్నీ ఒకే గాటన కట్టమని చట్టం చెప్పలేదు. ఆ మాట తణుకు కుర్రాడి దాకా ఎవరూ చేరవేయలేదు, అంతే. అతనికి తెలిసిన చట్టం వేరు. అడవి జంతువు, ఫారెస్టోళ్లు, బండి సీజు, లోడు ఆలస్యం, ఓనరు తిట్లు. అందులో ఏదీ అబద్ధం కాదు కూడా. నేరానికి వాడారని పట్టుకున్న వాహనం సైతం ప్రభుత్వ ఆస్తి కావచ్చని అదే సెక్షన్ అంటోంది. జరిగింది పొరపాటని తేలేదాకా బండి ఎక్కడుంటుందో, రోజుకు ఎంత నష్టమో డ్రైవరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మరి గోనెసంచి తెచ్చినవాళ్ల సంగతి? వాళ్లు జింకను చంపలేదు. కానీ ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా తీసుకున్నారు, కోశారు, బహుశా ఎండెక్కేలోపే తినేశారు. చట్టం లెక్కలో ఆ ముగ్గురిలో నికరంగా నేరం చేసింది వాళ్లే.

---
బాక్స్: సెక్షన్ 39 నాలుగు ముక్కల్లో

● చచ్చి దొరికిన లేదా పొరపాటున చంపబడ్డ వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి.

● అలాంటిది ఏ విధంగా చేతికొచ్చినా 48 గంటల్లో దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కి గాని, అధికారం ఉన్న అటవీ అధికారికి గాని తెలపాలి. అడిగితే అప్పగించాలి.

● చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని ఉంచుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, పాడుచేయకూడదు.

● 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు ఉల్లంఘనకు 3 ఏళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా.
---

నక్కకూ దక్కలే

చాలా ఏళ్ల కిందట నల్లమలలో ఒక దుప్పిని కాల్చడం చూశాను. అది కూడా రోడ్డు మీద చచ్చిందే. మధ్యాహ్నానికి పశువుల డాక్టరు వచ్చారు. చేతికి తొడుగులు వేసుకుని డొక్క కోశారు. పక్కటెముకలు ఎన్ని విరిగాయో, కాలేయం ఎక్కడ చితికిందో చెబుతుంటే బీట్ ఆఫీసరు రాసుకున్నాడు. తోలు వెనక్కి తిప్పి లోపలి కమిలిన చోటు చూపించి, “బతికుండగా తగిలిన దెబ్బ. చచ్చాక తగిలితే ఇలా కమలదు,” అన్నారు డాక్టరు. పంచనామాలో కొమ్ముల కొలత రాశారు, గిట్టలు లెక్కపెట్టారు. తర్వాత కట్టెలు పేర్చి, దుప్పిని కొమ్ములతో సహా ఎత్తి పెట్టి నిప్పంటించారు.

ఊరంతా దూరంగా నిలబడింది. కొవ్వు కాలుతున్న వాసనకు పిల్లలు ముక్కు మూసుకోలేదు, పీల్చుకున్నారు. ఒక ముసలమ్మ నా పక్కన చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మనిషికీ దక్కలే, నక్కకీ దక్కలే,” అంది.

ఆమె మాటకు ఇవాళ్టికీ నా దగ్గర సరైన సమాధానం లేదు. కానీ ఎందుకు కాలుస్తారో మాత్రం తెలుసు. అడవి పక్క ఊళ్లల్లో దుప్పిని చంపాలంటే తుపాకీ అక్కర్లేదు. పొలం మీదుగా పోయే లైనుకు కొక్కెం తగిలించి, జానెడెత్తున బైండింగ్ వైరు లాగితే చాలు. ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో, మన ఏజెన్సీలో ఈ కరెంటు ఉచ్చులకు జింకలతో పాటు పులులూ ఏనుగులూ పోతున్నాయి. ఆ దారిన నడిచిన మనుషులూ పోతున్నారు. ఇప్పుడు రోడ్డు మీద చచ్చినదాన్ని తినొచ్చు అని ఒక్క జీవో ఇచ్చి చూడండి. తెల్లారేసరికి తీగకు చచ్చిన ప్రతి దుప్పీ రోడ్డు మీదికి నడిచొస్తుంది. దాని పక్కనే పగిలిన హెడ్‌లైటు ముక్క ఒకటి పడి ఉంటుంది. డాక్టరు కమిలిన చోటు వెతికేది అందుకే. తీగకు చచ్చినదానికి కాలి దగ్గరో మూతి దగ్గరో మాడిన గుర్తు ఉంటుంది, ఒళ్లు నుజ్జయి ఉండదు.

మాంసం కూరైపోయాక కూడా దొరక్కుండా పోతామనుకోవడం భ్రమ. వండిన ముక్క నుంచి సైతం అది ఏ జంతువుదో తేల్చగల డీఎన్ఏ పరీక్షను తయారుచేసింది మన హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీయే. లాల్జీ సింగ్, ఆయన సహచరులు రూపొందించిన ఆ విధానంతో అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల దేశంలోని ఏ మూల నుంచి మాంసం ముక్క వచ్చినా మేకో, ఆవో, కృష్ణజింకో చెప్పేస్తుంది.

ఒరెగాన్‌లో అయితే పర్మిట్

అమెరికాలో ఉండే మన పిల్లలకు ఈ సమస్య ఇంకో రూపంలో పరిచయం. శీతాకాలం ముందు వచ్చే నెలల్లో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ముందు భాగం అప్పడమైన కార్ల ఫొటోలు కనబడుతుంటాయి. ‘డీర్ తగిలింది, మేం బానే ఉన్నాం’ అని కింద ఒక లైను. అక్కడ ఏటా పది లక్షలకు పైగా ఇలాంటి ప్రమాదాలు జరుగుతాయి. ఇన్సూరెన్సు వాళ్లకు అదొక సీజను.

చచ్చిన జింక సంగతి అక్కడ రాష్ట్రానికో రకం. ఒరెగాన్ రాష్ట్రం 2017లో చట్టం చేసి, 2019 జనవరి నుంచి ఆన్‌లైన్లో ఉచిత పర్మిట్లు మొదలుపెట్టింది. తీసుకున్న 24 గంటల్లో దరఖాస్తు పెట్టాలి. పేగులతో సహా మొత్తం ఎత్తుకుపోవాలి, రోడ్డు పక్క వదిలేస్తే కుదరదు. తల, కొమ్ములు ఐదు పనిదినాల్లో వన్యప్రాణి శాఖకు అప్పగించాలి. ఈ చివరి షరతు నాకు భలే నచ్చింది. మాంసం నీకు, కొమ్ములు మాకు. గోడకు తగిలించుకునేది దక్కదన్నాక కావాలని గుద్దేవాడికి సగం ఉత్సాహం అక్కడే చస్తుంది. తలలోంచి తీసిన నమూనాతో జింకలకు సోకే మెదడు జబ్బును పరీక్షిస్తారు, అది రెండో లాభం.

అలాస్కాది ఇంకా బాగుంటుంది. అక్కడ రోడ్డు మీద చచ్చిన మూస్ దుప్పి సర్కారుదే, మన దగ్గర లాగే. తేడా తర్వాత వస్తుంది. పోలీసు తన దగ్గరున్న జాబితా తీసి వంతు ప్రకారం ఒక చర్చికో, స్వచ్ఛంద సంస్థకో, అవసరమున్న కుటుంబానికో ఫోన్ చేస్తాడు. అర్ధరాత్రయినా, గడ్డకట్టే చలైనా వాళ్లు కత్తులూ ట్రక్కూ వేసుకుని వచ్చి కోసి పట్టుకుపోవాలి. ఒక్క మూస్‌తో వందల కిలోల మాంసం. చలికాలమంతా కొన్ని ఇళ్లల్లో పొయ్యి వెలుగుతుంది.

దీన్ని చూపించి మనమూ అలా చేయొచ్చుగా అనేవాళ్లున్నారు. మా బావ కూడా అన్నాడు. “ఒరే, కాల్చి బూడిద చేసే బదులు హాస్టలు పిల్లలకు పెట్టొచ్చు కదరా!” అలాస్కాలో రోడ్డే ఫ్రిజ్ బావా అన్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు పడ్డ దుప్పి దగ్గరికి పంచులు, డాక్టరు, గార్డు చేరేసరికి ఇక్కడ ఎండ నెత్తికెక్కుతుంది. డొక్క పగిలితే లోపలిది మాంసానికి అంటుకుంటుంది. పైగా అది బండి తగలకముందే జబ్బుతో తూలుతోందేమో ఎవరికి తెలుసు? విశాఖ ఏజెన్సీలో చచ్చిన పశువును కోసుకు తిన్నవాళ్లకు చేతుల మీద నల్లటి పుండ్లు లేచి ఆంత్రాక్స్ అని తేలిన సంఘటనలు ఒకటి రెండు కాదు. మన పెద్దలు దొమ్మ అనేది దాన్నే. గడ్డి మేసే ఏ జంతువుకైనా అది రావచ్చు, దుప్పి మినహాయింపు కాదు.

---
బాక్స్: మన జింకలు, టెక్సాస్ పచ్చిక

తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. ఈ రెంటినీ 1930లలో టెక్సాస్ తీసుకెళ్లి వదిలారు. అక్కడి గడ్డిబీళ్లలో బాగా పెరిగాయి. బయటి జంతువులు కాబట్టి స్థానిక జింకలకున్న వేట సీజను నిబంధనలు వాటికి లేవు, ఏడాది పొడవునా వేటాడొచ్చు. చుక్కల జింక మాంసం అక్కడి హోటళ్లలో ఖరీదైన వంటకం. హవాయి దీవులకు ఇంకా ముందే, 1860లలో రాజుగారికి కానుకగా వెళ్లింది. అక్కడ పులి లేదు, చిరుత లేదు. పెరిగి పెరిగి ఇప్పుడు చేలకు చీడలా తయారైంది. ములుగు అడవిలో ముట్టుకుంటే జైలు, ఆస్టిన్‌లో ప్లేటులో పెట్టుకుంటే డిన్నరు. జంతువు ఒక్కటే.
---

వేట హక్కు పోయినవాళ్లు

గోనెసంచితో వచ్చిన ఆ ఇద్దర్నీ దొంగలని కొట్టిపారేయడం సులువు. వాళ్లెవరో నాకు తెలియదు కాబట్టి వాళ్ల గురించి చెప్పలేను. ఆ నేల గురించి చెప్పగలను. పటేవా, పిథౌరా వైపు హైవేకి ఉత్తరాన బార్‌నవాపారా అభయారణ్యం ఉంది. 1976లో ఏర్పడింది, 245 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్నవి బింఝ్వార్లు, గోండులు, కమార్లు బతికే పల్లెలు. వాళ్ల తాతల కాలంలో అడవిలో పడ్డ జంతువును పోగులు పెట్టి పంచుకునేవారు. చూసినవాడికి ఒక పోగు, మోసినవాడికి ఒకటి, ఇంటికి మగదిక్కు లేని ముసలమ్మకు ఒకటి. మన కోయలు భూమి పండుగకు ఊరంతా కలిసి వేటకు వెళ్లి, తెచ్చినదాన్ని ఇల్లిల్లూ లెక్కేసి పంచుకున్నట్టే. 1972 తర్వాత ఆ పోగులు నేరమయ్యాయి. ఆ చట్టం లేకపోతే ఇవాళ చెప్పుకోవడానికి జింకే ఉండేది కాదు, అదీ నిజమే. కానీ అడవిలో పోగు పోయినవాడికి, అడవిని కోసుకుంటూ పోయే రోడ్డు మీద ఆ జంతువే చచ్చి పడి ఉంటే దాన్నీ ముట్టుకోవద్దంటే ఏమనిపిస్తుంది? ముసలమ్మ మాటలో నక్క కూడా ఉందని మరిచిపోకూడదు.

నక్క మాట నిజానికి రాబందుల దాకా పోతుంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వల్ల 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. ఆ మందును 2006లో నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద మిగిలిన కొన్ని రాబందుల్ని అటవీ శాఖ కళ్లల్లో పెట్టుకు చూస్తూ వచ్చింది. వాటికి కావాల్సింది మందు అంటని మాంసం. అడవి జింక శవం అంటే అదే. రోడ్డు మీద పడ్డదాన్ని మంటల్లో వేసే బదులు, పోస్టుమార్టం అయ్యాక కొమ్ములు తీసేసి, రోడ్డుకు దూరంగా అడవి లోపల వదిలేస్తే? తినేవాళ్లే తింటారు. నాకైతే హాస్టలు పిల్లల ఆలోచన కన్నా ఇదే నయమనిపిస్తుంది. రోడ్డు పక్కనే వదిలేస్తే మాత్రం ప్రమాదం. దుప్పి కోసం వచ్చిన నక్క, నక్క వెనక వచ్చిన చిరుత తర్వాతి లారీ కింద పడతాయి.

దీపం పడితే కదలదు

తణుకు కుర్రాడు ‘రెండోది ఉంటదండి’ అన్నాడే, అది పుస్తకాల్లో ఉన్న మాటే. దుప్పులు మందగా కదులుతాయి. ముందున్నది దాటితే మిగతావి దాని వెంటే దూకుతాయి, బండి వస్తోందా లేదా అని చూడవు. మేతకు బయటికొచ్చేది పొద్దు గూకాక, తెల్లారకముందు. చీకట్లో చూడ్డానికి వాటి కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. కొద్ది వెలుతురునే రెండింతలు చేసి చూపించే ఆ పొర మీద హైబీమ్ పడితే కళ్లు బైర్లు కమ్మి, బిగుసుకుపోయి నిలబడతాయి. పులి నుంచి తప్పించుకోవడానికి కదలకుండా నిలబడటం వాటికి లక్షల ఏళ్లుగా పనికొచ్చిన ఉపాయం. లారీ దగ్గరే పనికిరాలేదు.

ఇటు బండి లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. చూసి, గుర్తుపట్టి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను వేసుకున్నా బండి అప్పటికే 33 మీటర్లు పోయి ఉంటుంది. డిమ్ లైటు సరిగ్గా చూపించేది దాదాపు అంతే దూరం. బ్రేకు పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఎండాకాలం ఇంకో సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలుతాయి. వాటి కోసం మనుషులు తెల్లారకముందే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు, దుప్పులు వాళ్లకన్నా ముందు పోతాయి. నీళ్లు ఎండాక చెరువు రోడ్డుకు అవతల ఉంటే దాటక తప్పదు. ధాన్యం లారీల నుంచి రాలిన గింజలు, డివైడరు మీద నీళ్లు పెట్టి పెంచిన పచ్చగడ్డి చాలు, మేతను మనమే రోడ్డు నడుమ పెట్టినట్టు. గుజరాత్‌లోని హజీరా నుంచి ఒడిశాలోని పారాదీప్ రేవు దాకా పోయే ఈ 53వ నంబరు హైవే మీద రాత్రనక పగలనక బొగ్గు, ఇనుము, బియ్యం నడుస్తూనే ఉంటాయి. దుప్పికి ఖాళీ దొరికే వేళంటూ లేదు.

రేపు విశాఖ దారి

ఇదంతా ఛత్తీస్‌గఢ్ గొడవ అనుకోవడానికి లేదు. మందిర్ హసౌద్ స్టేషన్ మీదుగా పోయే పట్టాలు మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం దాటి విజయనగరంలో తేలతాయి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖ వందే భారత్ ఈ దారినే తిరుగుతోంది. ఇప్పుడు రోడ్డు కూడా వస్తోంది. నవా రాయ్‌పూర్ అవతల అభన్‌పూర్ దగ్గర మొదలై విశాఖ దాకా 464 కిలోమీటర్లు, ఆరు వరసలు. ఛత్తీస్‌గఢ్‌లో ఉదంతి అభయారణ్యం ప్రాంతం మీదుగా పోయే ముక్కలకు 2023 జులై 7న రాయ్‌పూర్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2.8 కిలోమీటర్ల సొరంగం, జంతువులు దాటడానికి 27 దారులు, కోతుల కోసం 17 చోట్ల చెట్టు నుంచి చెట్టుకు తాళ్ల వంతెనలు అందులో భాగమని అప్పుడే ప్రకటించారు.

కాగితం మీది దారిని జంతువు వాడుతుందా అని అనుమానపడేవాళ్లు నాగ్‌పూర్ దాటి పెంచ్ అడవి వైపు ఒకసారి వెళ్లాలి. హైదరాబాదు నుంచి ఉత్తరానికి పోయే మన 44వ నంబరు హైవేనే అది. పులుల అడవిలో రోడ్డును నాలుగు వరసలు చేసేటప్పుడు కోర్టుల్లో చాలా కొట్లాట నడిచి, చివరికి వంతెనలూ అండర్‌పాస్‌లూ కలిపి తొమ్మిది కట్టారు. 2019లో పది నెలల పాటు కెమెరాలు పెట్టి చూసిన భారత వన్యప్రాణి సంస్థకు 18 రకాల జంతువులవి 5,450 ఫొటోలు దొరికాయి. 11 పులులు 89 సార్లు కింది నుంచి దాటాయి. దుప్పుల గురించైతే చెప్పనే అక్కర్లేదు, సొంతిల్లులా తిరిగాయి. పైన లారీలు పోతుంటే కింద నీడలో నిలబడి నెమరు వేస్తున్న ఫొటోలు చూస్తే ఇంత తేలికైన పనికి ఇన్నేళ్లు పట్టిందా అనిపిస్తుంది.

డబ్బు ఖర్చు కాని ఉపాయం మన దగ్గరే ఉంది. శ్రీశైలం వెళ్లే కార్లకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది. ఉదయం ఆరు దాకా ఎత్తరు. ఎనిమిదీ యాభై అయిదుకు గేటు ముందు జరిగే బతిమాలుళ్లు చూసే ఉంటారు. దేశంలో ఏ అడవికీ లేనంత సిఫార్సు ఆ గేటుకు వస్తుంది. కర్ణాటకలో బందీపూర్ దగ్గర 2009 నుంచి ఇదే పద్ధతి.

హజీరా-పారాదీప్ రోడ్డుకు గేటు వేయలేరు, సరే. వంతెనలు కట్టొచ్చు. కానీ ఎక్కడ కట్టాలి? భారత వన్యప్రాణి సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. జంతువులు ఎక్కడ దాటుతున్నాయో తెలుసుకుని అక్కడ కట్టండి. తెలిసేదెలా? చచ్చిన ప్రతి జింకా ఆ చోటు చెప్పే చస్తుంది. పంచనామా కాగితంలో ‘స్థలం’ అని ఒక గడి ఉంటుంది. డాక్టరు సంతకం, గిట్టల లెక్క, కొమ్ముల కొలత అన్నీ బూడిదయ్యాక మిగిలేది ఆ ఒక్క గడే. గోనెసంచిలో జింక మాయమైన ప్రతిసారీ ఆ గడి కూడా మాయమవుతోంది. లారీవాడు భయపడి పోయిన ప్రతిసారీ మాయమవుతోంది. మాంసం ఎవరిదని మేం ధాబా ముందు అరగంట వాదించుకున్నాం గాని, దక్కించుకోవాల్సింది మాంసం కానే కాదు.

---
బాక్స్: బండికి జింక తగిలితే

● ముందు బండి పక్కకు తీసి ఇండికేటర్లు వేయండి. వెనక బండ్లకు కనబడటం ముఖ్యం.

● జాతీయ రహదారి మీదైతే 1033, ఎక్కడైనా 112. అటవీ శాఖకు చెప్పమని వాళ్లనే అడగండి.

● బతికున్న జంతువు దగ్గరికి పోకండి. భయంతో కాళ్లు విసురుతుంది, గిట్ట తగిలితే ఎముక విరుగుతుంది. నీళ్లు తాగించబోకండి, కారెక్కించకండి.

● చచ్చినదాన్ని ముట్టుకోకండి, పక్కకు లాగకండి. బండితో సహా ఫొటో తీయండి. చోటు, సమయం రాసి పెట్టుకోండి. పొరపాటున జరిగిందని చెప్పడానికి అదే మీకు ఆధారం.

● పాలసీ ఫుల్ ఇన్సూరెన్స్ అయితే బండి నష్టానికి క్లెయిమ్ వేయొచ్చు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు.
---

అగరొత్తుల అట్ట మీద

టీ అయ్యాక అడిగాను, “పటేవా దగ్గరేనా, వేరే చోట్ల కూడా దూకుతాయా?”

అతను నన్నొక వింత మనిషిని చూసినట్టు చూశాడు. “ఎక్కడ దూకుతాయో తెలీకుండా ఈ లైన్లో బండి తోలతామేంటండి?” అన్నాడు. అల్యూమినియం లోడు కోసం నెలకు మూడు ట్రిప్పులు, ఏడేళ్లుగా ఇదే రోడ్డు. రాసుకోవడానికి కాగితం కోసం తడుముకుంటే అగరొత్తుల ప్యాకెట్టు తగిలింది. అట్ట చించి వెనక రాయడం మొదలుపెట్టాను. కల్వర్టు, దాని పక్క పెద్ద ఇప్పచెట్టు, ఎడమ వైపు. పెట్రోలు బంకు మూతపడ్డది ఒకటుంది, దాని ఎదురుగా. ఎర్ర జెండా గుడి మలుపు, అక్కడ వానాకాలం మాత్రం ఉండవు. నాలుగోది చెప్పేటప్పుడు కళ్లు మూసుకుని చేతుల్ని స్టీరింగు మీద పెట్టినట్టు గాల్లో తిప్పాడు, ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. “ఇక్కడండి. ఇక్కడ దుప్పులు కాదు, పెద్ద కణితులు.”

ఇంతలో ఫోను మోగింది. ఓనరు కాబోలు. “రాయపూర్ దగ్గరున్నానండి, ఏం లేదండి, లైటు పోయింది, అంతే,” అంటూ క్యాబిన్ ఎక్కాడు.

“అడ్రసులు రాసుకున్నావు సరే, ఎవరికి పోస్టు చేస్తావురా?” అన్నాడు బావ.

నేను అట్ట మడిచి జేబులో పెట్టుకుంటుంటే లారీ కదిలింది. మమ్మల్ని దాటిపోతూ వేగం తగ్గించింది. ఒంటికంటి లారీలోంచి తల బయట పెట్టి, ఇంజను చప్పుడు మీద గొంతు పెంచి అరిచాడు.

“సార్, ఇంకోటి మర్చిపోయానండి! మహానది బ్రిడ్జి దిగగానే, కుడి పక్క...”